ఏడో బాయి పంతులమ్మ

జూన్ 12. మొదటి షిఫ్టు.

ఉత్తరం సొరంగం, ఒకటో గుంజ నుంచి నలభయ్యో గుంజ దాకా కర్రతో తట్టి చూశాను. కప్పు గట్టిగా ఉంది. సంతకం: దుర్గం ఓదెలు.

ఈ కప్పు పుస్తకంలో ఇంతే రాయాలి. ముప్పయ్యారేళ్లుగా ఇంతే రాశాను. ఇవాళ మాత్రం కలం ఆగడం లేదు. ఎట్లా ఆగుతుంది! నా బిడ్డ సుగుణ పంతులమ్మ అయింది!

ఈ పుస్తకం ఎవరూ చదవరని నాకు తెలుసు. కప్పులో ఎక్కడ పగులు వచ్చినా గోడలకు బిగించిన యంత్రపు చెవులే ముందు వింటాయి. అయినా కింద ఒక మనిషి సంతకం ఉండాలని రూలు. ఆ మనిషిని నేను. సంతకం పైన ఏం రాసి ఉందో చూసేవాళ్లు లేరు కాబట్టి నా సంతోషం ఇక్కడే రాసుకుంటాను.

మీద ఎండలు ముదిరి జనమంతా ఈ పాత బొగ్గు బాయిలోకి దిగిన ఏడు నాకు తొమ్మిదేళ్లు. ఐదో తరగతి సగంలో ఉన్నాను. మా సారు కూడా మాతోపాటే దిగాడు. ఆరు నెలలు నోటితోనే చెప్పాడు. తర్వాత పలకలు వచ్చాయి. పిల్ల చెవిలో పూస పెట్టుకుని పలక ముందు కూర్చుంటే అదే చెబుతుంది, అదే అడుగుతుంది, అదే మార్కు వేస్తుంది. సారును నీళ్ల పంపుల దగ్గర వేశారు. నా చదువు అక్కడే ఆగింది. అప్పటి నుంచి ఈ బాయిలో పంతులు అనే మనిషి లేడు.

ఇప్పుడు ఆరో సంస్కరణ వచ్చింది. ‘తరగతికో మనిషి’ అని దానికి పేరు. మన బాయిలో ఆరో తరగతికి నా సుగుణను ఎంపిక చేశారు. నాతో దీపం పట్టుకుని నడిచే మొగిలి ఆ మాట విని కర్ర నా చేతిలోంచి లాక్కున్నాడు.

“ఓదెలన్నా, ఇగ నువ్వు పంతులమ్మ తండ్రివి. కర్ర మొయ్యొద్దు. నీ కాళ్లు కూడ నేనే మోస్త తియ్యి!”

“కాళ్లెందుకురా, నా మీసం మొయ్యి. గది బరువైంది ఇయ్యాల!” అన్నాను.

సుగుణ తల్లి ఉంటే ఎంత మురిసేదో. గాలి పంకాలు ఆగిన ఏడు పోయింది, ఈ రోజు చూడలేదు.

జూన్ 15. మొదటి షిఫ్టు.

కప్పు గట్టిగా ఉంది.

బడి పక్క సొరంగం నా వంతు కాదు. ఆ వంతువాళ్లను బతిమాలి మార్చుకున్నాను. గుంజ చాటు నుంచి చూశాను. ఎత్తు కుర్చీ వేశారు నా బిడ్డకు! మెట్టు ఎక్కి కూర్చోవాలి. ముప్పయి ఒక్కమంది పిల్లలు, ముప్పయి ఒక్క పలకలు. మధ్యలో నా బిడ్డ, వాళ్లమ్మ నీలం చీర కట్టుకుని. నా కళ్లకు అంతకంటే గొప్ప దృశ్యం ఈ భూమి మీద గానీ భూమి కింద గానీ లేదు.

సాయంత్రం గటక తింటూ అడిగాను. “ఏం చెప్పినవు బిడ్డా?”

“ఏం చెప్పలే బాపూ. కూసున్న.”

“ఒక్క మాటన్న?”

“పలకలు నడుస్తున్నప్పుడు మాట్లాడొద్దన్నరు. పొద్దుగాల ఎనిమిదింటి నుంచి ఒంటిగంట దాక కూసుండుడే. దిగేటప్పుడు సంతకం పెట్టాలె.”

“కూసుంటే ఏంది! కుర్చీ ఉన్నది గదా! ముందుగాల కుర్చీ వస్తది, ఎనుక మాట వస్తది.”

ఆమె నవ్వింది. ఆ నవ్వు నాకంత నచ్చలేదు గానీ, కొత్త కదా, సర్దుకుంటుంది.

జూలై 2. రెండో షిఫ్టు.

తూర్పు సొరంగం పదకొండో గుంజ దగ్గర కొంచెం బోలు చప్పుడు. యంత్రాలు ఏమీ అనలేదు. గుంజకు ఆసరా కొట్టించాను.

ఇవాళ మా ఇంట్లో గొడవ. పదిహేడు రోజులుగా సుగుణ సంతకం పెట్టడం లేదట! భూమి మీది ఆఫీసు నుంచి హెచ్చరిక వచ్చింది. రోజూ కాగితం మీద ‘నేటి పాఠం బోధించడమైనది’ అని ముందే అచ్చువేసి ఉంటుంది, కింద పేరు రాయాలి. అంతే.

“నేను బోధించలే గద బాపూ. బోధించిన అని ఎట్ల రాయాలె?”

నాకు కోపం వచ్చింది. కప్పు పని చేసేవాళ్లలో ఒక పద్ధతి ఉంది. కప్పు తట్టినవాడు ఎవడైనా కానీ, పుస్తకంలో పేరు పెట్టినవాడిదే ఆ కప్పు. కూలితే వాడిదే జవాబు, నిలబడితే వాడిదే మర్యాద. పేరు లేని కప్పు కింద నడవకూడదంటారు మావాళ్లు. ఆ మాటే చెప్పాను.

“పేరు పెట్టని కప్పు అనాథ బిడ్డా. ఆ ముప్పయి ఒక్కమంది నెత్తి మీద పేరు లేని కప్పు ఉంచుతవా? పేరు పెట్టు. పెట్టినోడే పెద్దోడు.”

తర్వాత పదిహేడు కాగితాలూ ముందేసుకుని వరుసగా పేరు రాసింది. నేను పక్కన కూర్చుని ఒక్కొక్కటే ఆరబెట్టాను. ఎంత చక్కటి చేతిరాత!

ఆగస్టు 20. మొదటి షిఫ్టు.

కప్పు గట్టిగా ఉంది.

ఆరో సంస్కరణ వాళ్లు కొత్త పాఠాల పుస్తకం ఒకటి అచ్చేసి పంపారు. కుర్చీలో ఊరికే కూర్చున్న సుగుణ దాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివింది. చదివి, కిందికి దిగి, ఒక పిల్ల పలకలోకి తొంగి చూసింది. పలకలో నడుస్తున్నవి పాత సంస్కరణ పాఠాలు!

“బాపూ, పలకల్ల పోరగాండ్లు ఇంక వరి నాట్లు ఏస్తున్నరు. జూన్ల వాన వస్తదట, కాలువ తవ్వాల్నట. కొత్త పుస్తకంల వాననే లేదు. గాలి లెక్క ఉన్నది. ఒక సొరంగంల ఇంతమంది ఉంటే పంక ఎంతసేపు తిరగాలె, ఊట నీళ్లు ఎన్ని దినాలకొస్తయి, గదే ఉన్నది. ఏప్రిల్ పరీక్ష కొత్త పుస్తకం నుంచే ఇస్తరు.”

మీద నుంచి పాఠాలు తెచ్చే తీగ మే నెల ఎండకు కరిగిపోయిందని, కొత్త పాఠాలు దిగలేదని మొగిలి కనుక్కొచ్చాడు. సుగుణ మీది ఆఫీసుకు ఉత్తరం రాసింది. నా బిడ్డ ఆఫీసుకు ఉత్తరం రాసింది! దాన్ని నేనే లిఫ్టు దాకా తీసుకుపోయాను, మడత నలగకుండా.

సెప్టెంబరు 29. రెండో షిఫ్టు.

కప్పు గట్టిగా ఉంది.

మూడో ఉత్తరానికి జవాబు వచ్చింది. ఒక్కటే వాక్యం. ‘పాఠ్యాంశాలపై తరగతి సిబ్బంది సూచనలు స్వీకరించబడవు.’ కింద సంతకం కూడా లేదు. అంత పెద్ద ఆఫీసుకు పేరు పెట్టే మనిషి ఒక్కడూ దొరకలేదు కాబోలు.

అక్టోబరు 11. మొదటి షిఫ్టు.

కప్పు గట్టిగా ఉంది. మెల్లగా తట్టాను. ఎందుకంటే గోడకు అటుపక్క నా బిడ్డ పాఠం చెబుతోంది!

గటక వేళ అరగంట పలకలు ఆపుకోవచ్చు. ఆ అరగంటలో సుగుణ సున్నపు ముక్కతో బొగ్గు గోడ మీద రాసి, కొత్త పుస్తకంలోని గాలి లెక్క నోటితో చెబుతోంది. మొదటి రోజు పిల్లలు నవ్వారట. మనిషి నోటి నుంచి లెక్క రావడం వాళ్లెప్పుడూ చూడలేదు. ఒకడు “మళ్లీ చెప్పు అంటే మళ్లీ చెప్తవా?” అని అడిగాడట. చెబుతానంది. ఎన్నిసార్లు అడిగినా చెబుతానంది. వాడు నాలుగుసార్లు అడిగి పరీక్షించాడు.

నేను గుంజ చాటున నిలబడి విన్నాను. యాభై ఏడేళ్ల తర్వాత మళ్లీ ఐదో తరగతి సగంలోంచి మొదలుపెట్టాను. పంకా లెక్క నాకు వచ్చేసింది! మొగిలికి చెబితే నా నుదురు తాకి చూశాడు, జ్వరమేమోనని.

అక్టోబరు 30. మొదటి షిఫ్టు.

కప్పు గట్టిగా ఉంది. బడి దగ్గర మాత్రం గట్టిగా లేదు.

పది రోజుల కింద, మా వరుసలోనే ఉండే భీమక్క వచ్చి వాకిట్లో నిలబడింది. ఆమె బిడ్డ నర్సవ్వ సుగుణ తరగతే. గటక వేళ కూడా పలక ముందు కూర్చున్న పిల్లలకు పలక లెక్కలో ఎక్కువ గడియలు పడతాయి. గడియలు ఎక్కువున్నవాళ్లకు పై తరగతి, తక్కువున్నవాళ్లకు బొగ్గు బెల్టు పని. అదీ ఆమె భయం.

“ఏమే సుగుణా, నా బిడ్డ గడియలు తింటున్నవట?”

“గడియలు కాదక్కా, పరీక్షల అవే లెక్కలు వస్తయి. పలకల లేవు.”

“పలకల లేంది నీ నోట్ల ఉన్నదా? నోటితోని చెప్పింది కూడ సదువేనా? మా అత్త కూడ నోటితోని మస్తు చెప్పేది!”

“మీ అత్త చెప్పింది ఒక్కటన్న ఇంటివా భీమక్కా?” అన్నాను నేను, ఉండబట్టలేక.

“నువ్వుండు ఓదెలు మామా. నీకు కప్పు తట్టుడు, నీ బిడ్డకు గోడ గీకుడు. ఇద్దరికీ పనిలేదు. సర్కారు కూసుండమన్నది గద, కూసుండు సుగుణా! మంచిగ కుర్చీ ఏసిండ్రు.”

మరునాటికి ముప్పయి ఒక్కమందిలో ఐదుగురే మిగిలారు. మిగతావాళ్ల తల్లిదండ్రులు గటక వేళ కూడా పూస చెవిలోంచి తీయొద్దన్నారు. ఆ ఐదుగురిలో నర్సవ్వ ఉంది. తల్లికి తెలియకుండా.

సుగుణ ప్రతి ఇంటికీ వెళ్లింది. రెండోసారి, మూడోసారి కూడా వెళ్లింది. తలుపులు తీసినవాళ్లు మర్యాదగా నీళ్లిచ్చి పంపారు.

ఏప్రిల్ 17. మొదటి షిఫ్టు.

కప్పు చూశాను. ఏం చప్పుడు వచ్చిందో గుర్తులేదు. గట్టిగా ఉంది అనే రాస్తున్నాను.

పరీక్ష ఫలితాలు వచ్చాయి. ఇరవై ఆరుగురు తప్పారు. ఐదుగురికి నూటికి నూరు.

నూటికి నూరు! ఆ మాట విని లిఫ్టు దగ్గరే గట్టిగా అరిచాను. మొగిలి నా మూతి మూశాడు. ఐదుగురి పేర్ల పక్కన ఎర్ర గుర్తు ఉంది. వాళ్ల పలకల్లో లేని పాఠానికి జవాబులు ఎట్లా తెలిశాయి? ఎవరో ప్రశ్నలు దొంగిలించి ఇచ్చారని యంత్రం తేల్చింది. దొంగ చదువు రుజువైతే ఐదుగురికీ జన్మంతా బెల్టు పనే. ఇరవై ఆరుగురికి మళ్లీ ఒక ఏడు దొరుకుతుంది, ఈ ఐదుగురికి అదీ లేదు.

సాయంత్రం భీమక్క వచ్చింది. వాకిట్లో నిలబడలేదు, లోపలికి వచ్చి సుగుణ కాళ్ల దగ్గర కూలబడింది.

“నా బిడ్డ దొంగ కాదు సుగుణా. నా కండ్లు గప్పి నీ దగ్గరికే వచ్చిందట. ఇప్పుడు చెప్తున్నది. నేను తిట్టిన, కొట్టిన. నువ్వే చెప్పాలె.”

“లే అక్కా. నేనున్న” అంది సుగుణ.

ఏప్రిల్ 23. రెండో షిఫ్టు.

కప్పు గట్టిగా ఉంది.

రేపు విచారణ. మొగిలి కొడుకు ఆఫీసులో చిన్న పని చేస్తాడు. రూలు వాడు విడమరిచి చెప్పాడు. నా బిడ్డ ముందు రెండే దారులున్నాయి.

‘నేను ఏమీ బోధించలేదు, ఊరికే కూర్చుని సంతకం పెట్టాను’ అంటే ఉద్యోగం మాత్రం పోతుంది. ఇంటికి వస్తుంది. ఐదుగురూ దొంగలవుతారు.

‘నేనే బోధించాను’ అంటే ఐదుగురూ బయటపడతారు. కానీ బోధించగలిగిన మనిషి ఐదుగురికే చెప్పి ఇరవై ఆరుగురిని వదిలేసినట్టు. ఏడాది సంతకాలన్నీ ఆమెవే. అప్పుడు శిక్ష, భూమి మీద పని. నడి ఎండలో కరెంటు పుట్టించే సూర్య పలకలు తుడవాలి, రెండు వేసవులు. ఒక వేసవి చేసి దిగినవాళ్లను చూశాను, దగ్గుతూ గోడ పట్టుకుని నడుస్తారు. రెండు వేసవులు చేసి దిగినవాళ్లను నేను చూడలేదు.

నేను నా బిడ్డ చేతులు పట్టుకున్నాను. “ఊకె కూసున్న అని చెప్పు బిడ్డా. అబద్ధం కాదు గద. ఎన్ని నెలలు ఊకెనే కూసున్నవు.”

“సంతకం ఎందుకు పెట్టినవని అడుగుతరు.”

“మా ముసలోడు పెట్టుమన్నడని చెప్పు. తెల్వక పెట్టిన అని చెప్పు. నన్ను పంపమను మీదికి.”

“నువ్వు చెప్పింది తప్పు కాదు బాపూ” అంది. “కప్పు నాదే. నువ్వు గటక తిను.”

తప్పు కాదంది. అదే నన్ను చంపుతోంది. పదిహేడు కాగితాలు నా చేతులతో ఆరబెట్టాను.

ఏప్రిల్ 24. సెలవు పెట్టాను.

కప్పు చూడలేదు.

విచారణ దొర మీద నుంచి వచ్చాడు, తెల్ల ముసుగు వేసుకుని. పేరు వేణుమాధవ్ అన్నారు. మంచివాడే, గొంతు ఎత్తలేదు. ఐదుగురు పిల్లలను వరుసగా నిలబెట్టారు.

“చూడమ్మా, మీకు పాఠం చెప్పే అధికారం లేదు, అవసరమూ లేదు. ఈ పిల్లలకు జవాబులు ఎక్కడ దొరికాయో మీకు తెలియదని ఒక్క మాట రాసివ్వండి. మిమ్మల్ని ఇంటికి పంపిస్తాను” అన్నాడు.

“జవాబులు దొరకలేదు సార్. నేర్సుకున్నరు. నేనే చెప్పిన.”

“మీరా? దేంతో?”

“నోటితోని. ఒక సున్నం ముక్క కూడ ఉండె.”

హాలులో ఎవరో నవ్వారు. దొర నవ్వలేదు. నర్సవ్వను పిలిచి పుస్తకంలో లేని కొత్త అంకెలతో గాలి లెక్క ఇచ్చాడు. ఆ పిల్ల గోడ వైపు తిరిగి, వేలితో గాల్లో రాసుకుంటూ చేసింది. సరిపోయింది. మిగతా నలుగురూ చేశారు. చివరివాడు మాత్రం “మళ్లీ చెప్పండి” అన్నాడు. దొర మళ్లీ చెప్పాడు. వాడూ చేశాడు.

“పిల్లలు దొంగలు కారు” అని దొర రాసుకున్నాడు. తర్వాత కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “అయితే అమ్మా, బోధించింది మీరే. మరి ఇరవై ఆరుగురికి ఎందుకు చెప్పలేదు?”

“వాళ్ల ఇండ్లకు పోయిన సార్. రాలే.”

“ఏడాది అంతా బోధించడమైనది అని సంతకాలున్నాయి. అవి మీవేనా?”

“నాయే.”

నేను రాయకూడదేమో గానీ రాస్తాను. నా బిడ్డ బతుకు పోతోందని తెలుసు. అయినా ఆమె అట్లా నిటారుగా నిలబడి ‘నాయే’ అన్నప్పుడు నా ఛాతీ పట్టనంత పొంగింది. అరవై ఆరేళ్లలో అంత సంతోషం ఎరుగను. ఆ సంతోషాన్ని ఏం చేసుకోవాలో తెలియక గోడకు ముఖం పెట్టుకున్నాను.

మే 1. మొదటి షిఫ్టు.

కప్పు గట్టిగా ఉంది.

రెండు కాగితాలు దిగాయి. మొదటిది శిక్ష, రెండు వేసవులు. రెండోది ఏడో సంస్కరణ. ‘తరగతిలో మనిషి ఉండటం వల్ల ఇరవై ఆరుగురు విద్యార్థులు నష్టపోయినట్లు ఒక విచారణలో రుజువైనందున’ అన్ని బాయిల్లోనూ ఆ ఉద్యోగం ఎత్తేశారు. కొత్త తీగ వేసే మాట అందులో లేదు. పలకల్లో పిల్లలు ఇంకా నాట్లు వేస్తూనే ఉంటారు.

నర్సవ్వ పై తరగతికి వెళ్లింది. అక్కడా పలకే. భీమక్క మా వరుసలో నడవడం మానేసి చుట్టు తిరిగి పోతోంది. ఆమెను ఏమీ అనను. బిడ్డ తల్లి.

మే 2. పొద్దున.

లిఫ్టు దగ్గర గుమాస్తా కుర్రవాడు పేర్లు ఎక్కిస్తున్నాడు.

“పేరు?”

“దుర్గం సుగుణ.”

“పని?”

“పంతులమ్మ.”

వాడు యంత్రంలో వెతికాడు. “ఆ పని లేదక్కా లిస్టుల. నిన్ననే తీసేసిండ్రు. కూలి అని రాస్తున్న.”

నేను జేబులోంచి శిక్ష కాగితం తీసి వాడి ముందు పరిచాను. “సదువు. మూడో లైను సదువు. సర్కారే రాసింది.”

“బాపూ, వద్దు” అంది సుగుణ.

“నువ్వుండు బిడ్డా. సదువు రా!”

వాడు వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాడు. “బోధించినవారు, దుర్గం సుగుణ, ఉపాధ్యాయురాలు.” వెనక వరుసలో ఉన్నవాళ్లంతా విన్నారు. జీతం కాగితాల్లో ఏడాది పొడుగునా ‘తరగతి సిబ్బంది’ అనే రాశారు. ‘ఉపాధ్యాయురాలు’ అని రాయాలంటే ఆమె నేరం చేయాల్సి వచ్చింది. అయితేనేం, రాశారు! గుమాస్తా కుర్రవాడు ఒక్కో అక్షరం చూసుకుంటూ చేత్తో ఎక్కించాడు. అందులో ఒత్తు మరిచిపోతే నేనే చెప్పి దిద్దించాను.

సుగుణ నా బొత్తాం సరిచేసింది. “పొద్దుగాల గటక తిను బాపూ, ఊకె మొగిలి కాక ఇంట్ల చాయ తాగి ఉండకు” అంది. లోపలికి వెళ్లి ఇటు తిరిగి నిలబడింది. నేను చెయ్యి ఊపుతూనే ఉన్నాను. తలుపు మూశారు.

తలుపు పైన లిఫ్టు ఉన్నచోటి వేడి అంకెల్లో కనబడుతుంది. ఇక్కడ ముప్పయి ఒకటి. ముప్పయి ఎనిమిది అయింది. నలభై ఐదు అయింది. మొగిలి పోదాం రమ్మన్నాడు. యాభై రెండు. యాభై ఏడు దగ్గర ఆగింది.

టైము ఆరున్నర. ఎండ ఇంకా ఎక్కలేదు.